చప్పుడు బంద్ పెట్టి చూసే సారు

సారు చచ్చిపోయి నాలుగు నెలలైనంక, మొన్న బేస్తారం పొద్దుగాల మా వాట్సాప్ గ్రూపుల నుంచి వెళ్లిపోయిండు.

నేను కాలేజికి పొయ్యే బస్సుల ఉన్న. ఫోను టింగుమన్నది. చూస్తే, సన్నటి అక్షరాలతోటి, సారు గ్రూపు వదిలిపెట్టిండని ఉన్నది. తర్వాత తెలిసింది, వాళ్ల బిడ్డ ఆ సిమ్ము బంద్ చేయించి, వాట్సాప్ ఖాతా గూడ తీసేసిందట. గందుకని ఫోనే దానంతట అది గట్ల రాసిందట. నాకైతే ముందుగాల నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ గ్రూపుల నుంచి ఎవ్వరన్న చెప్పకుంట పోతే సారు ఊకునేటోడు కాదు. రెండు నిమిషాల వాయిస్ మెసేజి పెట్టి తిడుతుండె. "మోకాలు నయమై పోతే సంతోషం. నా ముచ్చట నచ్చక పోతే ఇంకా సంతోషం. గని చెప్పి పోవాలె గదా! ఇదేమన్న కిరాయి ఇల్లా, చెప్పకుంట తాళమేసి ఉరుకనీకి?" అని. అసొంటి మనిషి ఇప్పుడు తనే ఒక్క మాట చెప్పకుంట పోయిండు. నవ్వు అయిపోయినంక ఏడుపొచ్చింది. పక్క సీటు ఆమె పల్లికాయలు తినుడు ఆపి, "ఏమైంది బిడ్డా, ఎవలన్న పోయిండ్రా?" అన్నది.

"పోయిండు గని ఎప్పుడో పోయిండమ్మా" అన్న. ఆమెకేం సమజైతది?

సారంటే బడిల సారు కాదు. ఒక దవాఖానల ఫిజియోథెరపీ రూముల అటెండరు చేసి రిటైరైండు. ఆ రూమును మావోళ్లు కరెంటు రూమంటరు, నడుముకు, భుజానికి కరెంటు పెడతరు గనక. అండ్ల ముప్పయేండ్లు మంచాలు సర్దిండు, ముసలోళ్లను లేపి కూసోవెట్టిండు, పక్షవాతమొచ్చినోళ్లను చంకల కింద చేతులేసి నడిపిచ్చిండు. డాక్టర్లు మారిండ్రు, మిషన్లు మారినయ్, సారు మాత్రం గా తలుపు కాన్నే ఉన్నడు. రిటైరైన దినం శాలువ కప్పి పంపిస్తే, ఇంటికి పోయి ఆ శాలువను గుండ్రంగ చుట్టి, తాడు కట్టి, మోకాలు కింద పెట్టే మెత్త చేసిండు. ఎన్ని మోకాళ్లు దాని మీద పండినయో లెక్క లేదు. నా మోకాలు గూడ పండింది.

పేరు రాస్త లేను. "నేను డాక్టర్ను కాను, నా పేరు ఏడ రాయకుండ్రి" అని బతికున్నప్పుడే మా అందరితోటి ఒట్టు వెట్టిచ్చుకున్నడు.

గ్రూపు పేరు "కాళ్లు చేతులు భద్రం". నల్లగొండ, పాలమూరు దిక్కు ఫిజియోథెరపీ చదివే పిల్లలు, కబడ్డీ ఆడేటోళ్లు, పోలీసు కొలువు కోసం పొద్దుగాల ఉరికేటోళ్లు, పీఈటీ సార్లు, మెడ నొప్పోళ్లు ఇద్దరు దర్జీలు. సారు వీడియోలు తీసేటోడు కాదు. ప్రపంచంల ఉన్న వీడియోలన్ని చూసి, బియ్యంల రాళ్లు ఏరినట్టు ఏరి, దినానికొక్కటి పంపుతుండె. దాని ఎనక ఒక వాయిస్ మెసేజి. "మోకాలు నొప్పి అని ఫోన్ల కొడితే లక్ష మంది మీద వడతరు. ఎవన్ని నమ్మాలె? జర ఆగుండ్రి, నేను చూసి చెప్త" అని మొదలు వెడుతుండె.

ఆయన చూసుడు గూడ ఒక తీరు. చప్పుడు బంద్ పెట్టి చూస్తుండె. ఇంగ్లీషు రాదని గట్ల చేస్తుండనుకున్న నేను. కాదు, తెలుగు వీడియోలు గూడ గట్లనే. ఒకపారి అడిగితే, "వాడు చెప్పేది ఇంటుంటే వాడు చేసేది కనవడదు బిడ్డా. నోటితోని ఏమన్న చెప్తడు. ఒళ్లు చెప్పనియ్యి" అన్నడు. ముఖ్యంగ వీడియో ఆఖరుకు చూస్తుండె, మనిషి నేల మీదికెంచి లేసేటప్పుడు. అందరం ఆడికి బంద్ చేస్తం గదా, ఆయన ఆడ కండ్లద్దాలు సర్దుకుంటుండె. "గీ పిలగాన్ని చూడుండ్రి. కండలు మస్తున్నయ్. గని లేసేటప్పుడు తొడ మీద చెయ్యేసి లేసిండు. వాని మోకాలే వాని మాట ఇంట లేదు, మన మోకాళ్లకేం చెప్తడు? వద్దు." ఇంకొకామె గురించి, "గీమె మంచి మనిషి. పేషెంటు ఏడుస్తాంటే మొకం దిక్కు కాదు, పాదం దిక్కు చూస్తాంది. పెట్టుకోండ్రి" అన్నడు.

ఇంగ ఇంకో రూలున్నది. ఏ కసరత్తైనా ముందుగాల పదకొండు దినాలు తనే చేస్తుండె. ఒళ్లు ఒప్పుకుంటేనే మాకు పంపేది. గందుకే మనిషి ఎప్పుడు సీదాగ నిలవడి కనవడలె. నల్లగొండ బస్టాండుల ఒంటికాలు మీద నిలవడితే ఏదో మొక్కున్నదనుకొని ఒకామె దండం వెట్టి పోయింది. ఒక పెండ్లిల బువ్వ లైనుల నిలవడి మడమలు లేపుడు దించుడు చేస్తుంటే, మటన్ ఎంత మిగిలిందో తొంగి చూస్తుండని ముందటోళ్లు సారుకు జాగిచ్చిండ్రు. "చూసినవా, కసరత్తు వట్టిగ పోదు" అని మాకు మెసేజి వెట్టిండు. వాళ్లింటామె అయితే, "పెండ్లైనప్పుడు సక్కగ నిలవడుతుండె పిల్లా, ఫోటో గూడ ఉన్నది" అని నాకు ఆల్బం చూపిచ్చింది.

నేనిప్పుడు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, మూడో ఏడు. క్లాసుల అందరికన్న పెద్దదాన్ని నేనే, పోరగాండ్లు అక్కా అంటరు. మేం పరీక్షలకు పుస్తకాలు చదువుతం, వీడియోలు చూస్తం, గని యాదికుండేది సారు చెప్పిందే. తొడ ముందటి కండలు నాలుగుంటయ్. "నలుగురు అన్నదమ్ములనుకో. ముగ్గురు మోకాలి పని తప్ప ఇంకోటి ముట్టరు. ఒక్కడు మాత్రం తుంటి దాక పోయి అత్తగారింట్ల గూడ పని చేస్తడు" అన్నడు. మొన్న వైవాల మేడం గదే అడిగింది. నేను ఇంగ్లీషు పేరు సక్కగనే చెప్పిన గని, లోపల ఆ ఇల్లరికపు తమ్ముడు యాదికొచ్చి నవ్వాపుకునేసరికి పానం పోయింది.

కోపం గూడ మస్తుండె. ఎవలన్న "నరం మీద నరం ఎక్కింది సార్" అంటే చాలు, "ఎక్కనీకి అదేమన్న బస్సా?" అని లేస్తుండె. ఇప్పుడిప్పుడే వాచిన కాలికి కాపుడం పెడితే ఇంకింత లేస్తుండె. నేను గా రెండు తప్పులు చేసే ఆయన దగ్గరికి పోయిన.

మాది చిట్యాల దగ్గర పల్లె. బాపు లారీలకు మూటలెత్తే హమాలి. డిగ్రీ అయినంక నేను నల్లగొండల రూము కిరాయికి తీసుకొని పోలీసు కొలువుకు తయారైతుండె. మొదటి రాత పరీక్ష పాసైన. ఉరుకుడు, లాంగ్ జంపు, గుండు విసురుడు మిగిలినయ్. మా వాడకట్టుల గవర్నమెంటు నౌకరి మొకం చూసినోళ్లు లేరు. బాపు అయితే అప్పుడే డిసైడైండు. లారీ డ్రైవర్లు తాగి ఎచ్చులు వోతే, "జర ఆగు కొడకా, నా బిడ్డ స్టేషనుకొచ్చినంక మాట్లాడు" అంటుండెనట.

ఈవెంట్లు ఇంకో నెల దినాలు ఉన్నయనంగ కుడికాలు ముందటి బొక్క, మోకాలి కిందుండే ఎముక, గుంజుడు మొదలైంది. దోస్తులు నరమెక్కిందన్నరు. ఒక ముసలాయన నరం దించిండు, నా కండ్లల్లకెంచి నీళ్లు దించిండు. కాపుడం పెట్టిన. తర్వాత ఫోన్ల ఒక వీడియో దొరికింది, వారం దినాలల్ల నొప్పి మాయమట. అండ్ల ఎగురుమన్నకాడికి ఎగిరిన. నొప్పి మాయం గాలె, నడక మాయమైంది. అప్పుడు తోటి పిల్లొకతి పానగల్ తొవ్వల ఉన్న సారు ఇంటికి తోల్కపోయింది.

ఏడ నొప్పని అడుగలె. "గా కుండ కాడికి పోయి నీళ్లు తాగి రా బిడ్డా" అన్నడు. తాగొచ్చిన. "ఇంకో గిలాస తాగు" అన్నడు. ఓయమ్మ, ఈ మనిషికి నెత్తి కరాబున్నది అనుకున్న. మూడో గిలాసకు, "చాలు. నువ్వు భయపడుత లేవు గని నీ కుడికాలు భయపడుతాంది" అన్నడు. ఇగ ఒంటికాలు మీద గెంతుమన్నడు. మూడో గెంతుకు నాకు చుక్కలు కనవడ్డయ్. బొక్క మీద వేలుతోని ఒత్తుకుంట పోయి ఒక్క కాడ ఆగిండు. నేను కెవ్వుమన్న.

"కండ నొప్పైతే అరచెయ్యంత జాగల ఉంటది. ఇది వేలంత జాగల ఉన్నది. ఇది బొక్క మొర పెట్టుడు. డాక్టర్ దగ్గరికి పోదాం పా."

డాక్టర్ ఎక్స్‌రే ఫోటో తీపిచ్చిండు. ఫోటోల ఏం కనవడ్త లేదన్నడు, ఇసొంటి పగులు మొదట్ల కనవడదు గూడ అన్నడు, ఆరు వారాలు ఉరుకొద్దన్నడు. నేను మొదటి ముక్కనే ఇన్న.

సారు మాత్రం అన్ని ఇన్నడు. "ఆరు వారాలంటే ఆరు వారాలే" అన్నడు. నాకు మండింది. "మూడు వారాలల్ల ఈవెంట్లున్నయ్ సార్. మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో నువ్వు చెప్తవా? అప్పటికి నా వయసెంతుంటదో నువ్వు చెప్తవా? మా బాపు ఎన్నేండ్లు మూటలెత్తాలె?" అని దవాఖాన గేటు కాడ అరిచిన. సారు తల వంచుకొని ఎల్లిపోయిండు.

మూడో దినం ఫోను జేసిండు. "బాయిల దిగుతవా?" అన్నడు.

అయిందేందంటే, యాడనో వేరే దేశంల ఉరికేటోళ్లు కాలు పగిలితే నీళ్లల్ల ఉరుకుడు ఆయన చప్పుడు లేకుంట చూసిండు. నడుముకు ఏదో కట్టుకొని, కాళ్లు అడుగుకు తాకకుంట, నిలువుగ నిలవడి ఉరుకుడు. బొక్క మీద బరువు పడదు, దమ్ము తగ్గదు. మనకు ఆ నీలం నీళ్ల కొలనులు ఏడియి? తన దోస్తు పొలంల బాయి ఉన్నది. ఖాళీ నూనె డబ్బాలు రెండు నడుముకు కట్టుకొని రెండు దినాలు తనే దిగి చూసిండు. పదకొండు దినాల మనిషి రెండు దినాలతోని సరిపెట్టిండు. "టైము లేదు బిడ్డా, ఈ ఒక్కపారికి నా రూలు తప్పుతున్న" అన్నడు. నేను గది పట్టించుకోలె.

పొద్దుగాల చలి. డిసెంబరు నీళ్లు. నాకు ఈత రాదు. అమ్మ పల్లెల నుంచి వచ్చి ఒడ్డున తాడు పట్టుకొని కూసున్నది, గంగకు దిగిన బర్రెను చూసినట్టు నన్నే చూసుకుంట. సారు మాత్రం మా దిక్కు ఈపు పెట్టి, పత్తి చేను దిక్కు తిరిగి కూసుంటుండె. ఆడపిల్ల తడిబట్టల మీద ఉంటది గదా, ఒక్కపారి గూడ తిరగలె. "నేను చప్పుడు ఇంట. నువ్వు కాళ్లాడియ్యి" అన్నడు. నీళ్ల చప్పుడు వట్టి చెప్తుండె: "ఎడమది దబదబమంటాంది, కుడిది దాసుకుంటాంది. దాన్ని గూడ రానియ్యి." నిజంగనే కుడికాలు సగమే లేస్తుండె. మా అమ్మ నోరు తెరిచింది. "నీ ఈపుకు కండ్లున్నయా ఏంది సారూ?"

"ముప్పయేండ్లు పరదా ఇవతల కూసున్న చెల్లె. లోపల ఎవలు కుంటుతున్నరో చెప్పుల చప్పుడుకే తెలుస్తుండె" అన్నడు.

రెండు వారాలు గట్లనే. దమ్ము పెరిగింది. నడిస్తే నొప్పి తగ్గింది. ఆశ ఎంత చెడ్డది! నాకొక్కదానికే కాదు, అందరికి అంటుకున్నది. వాపస్ వచ్చేటప్పుడు సారు ఆటోల, "ఏ స్టేషనుకు ఏస్తరంటవ్?" అని అడుగుతుండె. "మా బజారుకొస్తే నాకు సలాం కొట్టాలె మరి." అమ్మ నవ్వుతుండె. బాపు అప్పటికే బూట్లు ఏ దుకాన్ల కొనాల్నో అడిగి పెట్టుకున్నడు.

ఈవెంట్లకు ముందు దినం సారు ఒక్కటే మాట చెప్పిండు. "పొద్దుగాల గ్రౌండ్ కాడ కుడికాలు మీద గెంతు. నొప్పి లేస్తే వాపస్ రా. లేవకుంటే పో. ఏదైనా నాకు ఫోన్ చెయ్యి."

గేటు బయట, బండ్లు నిలవెట్టిన కాడ, ఎవ్వరు చూడకుంట గెంతిన. మూడో గెంతుకు లేసింది. అదే జాగ, వేలంత జాగ. చుట్టు వందల మంది పిల్లలు, కొందరు దండం వెట్టుకుంటున్నరు, కొందరు బూట్లు కట్టుకుంటున్నరు. నేను ఫోన్ చేసిన.

"నొప్పి లేదు సార్" అన్న.

అవతల సారు ఊపిరి ఇనవడ్డది. గా తర్వాత, "సరే బిడ్డా, పో" అన్నడు.

ఉరికిన. టైము లోపల్నే ఉరికిన, ఎట్ల ఉరికిన్నో అడుగకుండ్రి. లాంగ్ జంపుల ఇసుకల కాలు పెట్టంగనే టప్పుమన్నది. బొక్క రెండైంది. నన్ను మోసుకపోతుంటే గుండు విసిరే కాడ లైను కనవడ్తాంది, నా నంబరు పిలుస్తున్నరు.

వారం దినాలకు సారు మా పల్లెకొచ్చిండు. బస్సు దిగి, ఆటో ఎక్కి, చేతుల జామకాయల కవరు. నేను మంచం మీద, తొడ దాక సిమెంటు కట్టు. బాపు గడప కాడ కూసున్నడు, ఆ వారమంతా పనికి పోలె. సారును చూడంగనే లేసి చేతులు జోడిచ్చిండు. "మాఫ్ చెయ్యండ్రి సార్. మీరు గంత చెప్పినా ఇది ఇనలె. నొప్పి లేదని మీకు అబద్ధమాడిందట. మీ మాట తీసింది."

నేను గోడ దిక్కు తిరిగిన. ఇప్పుడు తిట్లు పడతయ్, పడనీ అనుకున్న. సారు కూసోలె. కవరు గూడ కింద పెట్టలె.

"అబద్ధమాడింది ఇది కాదన్నా, నేను" అన్నడు. "ఫోన్ల దాని గొంతు ఇనంగనే నాకు తెలిసింది. నొప్పున్నది, దాస్తాంది అని తెలిసింది. తెలిసే పో అన్న. ఎందుకంటవా? నాకు గూడ ఆశ పుట్టింది. నా గ్రూపుల పిల్ల పోలీసైందని నలుగురికి చెప్పుకోవాలనిపిచ్చింది. ముప్పయేండ్లు మంచాలు సర్దినోన్ని, ఒక్కపారి సార్ అనిపిచ్చుకుందామనుకున్న. దీని బొక్క నేను ఇరగ్గొట్టిన."

సారు గడపల నిలవడే ఫోన్ తీసి, మా ముందట్నే గ్రూపుల వాయిస్ మెసేజి పెట్టిండు. నా పేరు లేకుంట, తన తప్పు మొత్తం. రెండు దినాలే చేసి చూసి పంపిన, డాక్టర్ వద్దన్నా ఆశ పెట్టిన, నొప్పున్నదని తెలిసి పో అన్న, నా మాట ఇనేముందు గిది యాదికుంచుకోండ్రి అని. ఆ దినం ఇరవై మంది దాక గ్రూపు వదిలి పోయిండ్రు. ఒక్కల్ని గూడ తిట్టలె.

నేను ఇగ ఉండలేక ఇటు తిరిగిన. "నువ్వు ఆపితే నేను ఆగేదాన్నా సార్?"

"ఆగకపోతుంటివి" అన్నడు. "ఆగకపోవుడు నీ ముచ్చట. ఆపకపోవుడు నాది."

అప్పుడొచ్చి మంచం కాడ నేల మీద కూసున్నడు. కట్టుల నుంచి నా కాలి వేళ్లు ఐదు బయటికున్నయ్, వాచి, పసుపుపచ్చగ. "కదిలియ్యి బిడ్డా. కట్టు ఉన్నన్ని దినాలు గీ వేళ్లు ఊకె ఉండొద్దు" అన్నడు. నేను కదిలియ్యలె. నౌకరి పోయింది, బాపు మొకం గట్లున్నది, ఇగ వేళ్లు కదిలిచ్చి ఏం చేసుకోను? సారు ఇంకోపారి చెప్పలె. తన చెప్పు ఇడిచి, పాదం నా పాదం పక్కకు తెచ్చి, తన వేళ్లు ఆడిచ్చుడు షురూ చేసిండు. పగిలిన మడమ, వంకర బొటనవేలు. ముందుకు, ఎనుకకు, ముందుకు, ఎనుకకు.

ఎంతసేపటికో నా బొటనవేలు జరంత కదిలింది.

తలెత్తి సారు దిక్కు చూసిన. ఏడుస్తున్నడు. ఏడ్సుకుంటనే, "ఇంకోపారి" అన్నడు.